ఇంటి కంప్యూటరుకు మరో నిర్వహణ వ్యవస్థ: తెలుగు తెరభాషపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

విండోస్ 10కు మద్దతు ముగిశాక, పాత కంప్యూటర్లున్న ఇళ్లలో ప్రత్యామ్నాయ నిర్వహణ వ్యవస్థ గురించిన ఆలోచన మొదలైంది. ఈ ఎంపికను సాధారణంగా ఖర్చు, వేగం, భద్రత అనే కొలతలతోనే చూస్తున్నారు. తెలుగులో చదివి, తెలుగులో రాసి, తెలుగు చెప్పి బతికేవారికి ఇది భాషకు సంబంధించిన ఎంపిక కూడా. లినక్స్ ఆధారిత వ్యవస్థల తెలుగు తెరభాషను ఒక అనువాదపాఠంగా స్వీకరించి, దాని పదజాలాన్నీ వాక్యనిర్మాణాన్నీ పరిశీలించడం, పాత ఖతుల్లో చిక్కుకున్న తెలుగు రాతల సమస్యను దానితో కలిపి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నిర్వహణ వ్యవస్థ, లినక్స్, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు, తెరభాష, అనువాదం, వాడుకరి, యూనికోడ్, ఖతులు.

1. ఉపోద్ఘాతం:

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతు ముగిసింది. నమోదు చేసుకున్నవారికి భద్రతా సవరణలు మరొక ఏడాది అందుతాయి. విండోస్ 11 కావాలంటే కంప్యూటరులో టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరయితే దాదాపుగా ఎనిమిదో తరానిదో, ఆ తరువాతిదో అయి ఉండాలి. 2018కి ముందు కొన్న కంప్యూటర్లలో చాలావాటికి ఈ అర్హత లేదు. అవి చెడిపోలేదు. మీటలు పనిచేస్తున్నాయి, తెర వెలుగుతోంది. అయినా అవి పాతసామాను లెక్కలోకి వెళ్లాయి.

తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో తెలుగు అధ్యాపకుల, పరిశోధకుల ఇళ్లలో ఉన్నవి ఎక్కువగా ఇటువంటి కంప్యూటర్లే. ఉద్యోగం వచ్చిన కొత్తలోనో, పిహెచ్.డి. నమోదైన ఏడాదిలోనో కొన్నవి. ఈ వ్యాసకర్త ఇంట్లోనిది కూడా ఆ కోవలోదే. దాన్ని వదిలించుకోవాలా, అందులో మరొక నిర్వహణ వ్యవస్థను పెట్టుకోవాలా అన్న ప్రశ్న ఎదురైనప్పుడు దొరికిన సలహాలన్నీ మెమరీ ఎంత, డిస్కు ఎంత అన్న దగ్గరే ఆగిపోయాయి. అందులో తెలుగు ఎలా ఉంటుందని అడిగితే 'తెలుగు వస్తుంది సార్' అన్న సమాధానమే వచ్చింది. తెలుగు రావడం వేరు, తెలుగు తెలుగుగా రావడం వేరు. ఈ రెండింటి నడుమ ఉన్న దూరమే ఈ పరిశీలనకు విషయం.

2. 'ఉచితం' కాదు, 'స్వేచ్ఛ':

రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రణాళికను ప్రకటించాడు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నలును విడుదల చేశాడు. ఈ రెండూ కలిసి ఏర్పడిన వ్యవస్థను ఎవరైనా వాడుకోవచ్చు, లోపల చూడవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. దీన్ని వర్ణించే ఆంగ్లపదానికి 'వెల లేనిది' అనీ 'స్వతంత్రమైనది' అనీ రెండర్థాలున్నాయి. ఆ అయోమయాన్ని తొలగించడానికి స్టాల్‌మన్ దశాబ్దాలుగా ఉపన్యాసాలిస్తూనే ఉన్నాడు. తెలుగులో ఆ శ్రమ అవసరం లేదు. మనకు 'ఉచితం' వేరు, 'స్వేచ్ఛ' వేరు. హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తూ తెలుగులో ఒక నిర్వహణ వ్యవస్థను కూడా రూపొందించిన సంస్థ తన పేరునే 'స్వేచ్ఛ' అని పెట్టుకోవడం వల్ల, మూలభాషలో వివరణ కోరే భావం మన భాషలో ఒక్క మాటతోనే స్పష్టపడింది.

అయితే నిత్యవ్యవహారంలో మనం ఆ మాటను వాడుకోవడం లేదు. కళాశాలల్లో లినక్స్ గురించి చెప్పేటప్పుడు 'ఫ్రీగా వస్తుంది' అనే పరిచయం చేస్తాం. ఉచితంగా వచ్చినదానికి లోపం ఎత్తిచూపే హక్కు మనకు లేదనిపిస్తుంది, దిద్దే బాధ్యత అసలే లేదనిపిస్తుంది. తెరభాష స్థితికీ ఈ వైఖరికీ సంబంధముంది.

పొరుగు రాష్ట్రాలవారు దీన్ని మరొక విధంగా చూశారు. కేరళలో పాఠశాలల కంప్యూటరు విద్య స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు మీద నడుస్తోంది. 2002లో మొదలైన స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ బృందం ఖతులనూ అనువాదాలనూ సమకూర్చింది. చెన్నైలోని సి-డాక్ 2007లో వెలువరించిన 'బాస్' అనే లినక్స్ వ్యవస్థలో తెలుగుతో సహా అనేక భారతీయ భాషలకు చోటుంది. ఆ చెన్నై చిత్తూరుకు నాలుగు గంటల ప్రయాణదూరంలో ఉంది. మన తరగతి గదుల్లో బాస్ పేరు విన్నవారు అరుదు.

3. తెరమీది మాటలు:

తెరభాష అంటే కంప్యూటరు తెరపై కనిపించే ఆదేశాలు, పేర్లు, హెచ్చరికలు, సందేశాలు. గ్నోమ్, కె.డి.ఇ. వంటి లినక్స్ వాతావరణాల్లో ఇవి వేలసంఖ్యలో ఉంటాయి. స్వచ్ఛంద సేవకులూ కొన్ని సంస్థల ఉద్యోగులూ వీటిని తెలుగు చేశారు. జీతం లేకుండా, పేరు రాకుండా చేసిన పని ఇందులో చాలా ఉంది. కింది విమర్శ ఆ శ్రమను తక్కువ చేయడానికి ఉద్దేశించినది కాదు. ఏ అనువాదపాఠానికైనా దక్కవలసిన విమర్శ ఈ పాఠానికి ఇంతవరకు దక్కలేదన్నదే నా అభియోగం.

ముందుగా మంచి మాటలు. 'దస్త్రం', 'నకలు' ఈ తెరపై కనిపించే పదాలు. శుద్ధమైన తెలుగు కోరేవారికి ఇవి నచ్చకపోవచ్చు, ఎందుకంటే రెండూ హిందుస్తానీ ద్వారా కచేరీల్లోకి వచ్చిన మాటలు. కాని తాలూకా కచేరీకి వెళ్లి అడంగలు నకలు అడిగి తెచ్చుకున్న రైతుకు 'నకలు' పరాయి మాట కాదు. కాగితాల లోకంలో పనిచేసిన పదాన్ని తెరలోకానికి తీసుకురావడం అనువాదంలో సరైన మార్గం. 'చెత్తబుట్ట', 'సరే' కూడా ఇటువంటివే. వాటిని ఎవరూ వివరించనక్కరలేదు.

'సంచయం' విషయంలో ఇంత నమ్మకంగా చెప్పలేం. దస్త్రాలను దాచే అరకు ఈ పేరు పెట్టారు. సంచయమంటే పోగు, కూడిక. దస్త్రాలను విడివిడిగా సర్దుకునే చోటును పోగు అనడంలో అర్థం సగం తప్పింది. 'రంగస్థలం' మరీ విచిత్రమైనది. తెర వెలగగానే కనిపించే మొదటి చోటుకు పాత అనువాదాల్లో ఈ పేరుండేది. మూలంలో ఉన్నది రాతబల్ల, అనువాదంలో వచ్చింది నాటకశాల. ఈ ఊహ నాకు వ్యక్తిగతంగా ఇష్టమే, పాత్రలు వచ్చిపోయే చోటని సమర్థించవచ్చు కూడా. కాని కంప్యూటరు ముందు కూర్చున్న ఎం.ఏ. విద్యార్థికి 'రంగస్థలంపై చూపించు' అన్న ఆదేశం అర్థం కావాలంటే, ముందుగా ఆంగ్లమూలాన్ని ఊహించుకోవాలి. మూలం తెలిస్తే తప్ప అర్థం కాని అనువాదం ఎవరికోసం?

అన్నిటికంటె ఎక్కువ చర్చించదగిన జంట 'వినియోగదారుడు', 'వాడుకరి'. మొదటిదాన్ని విడదీస్తే సంస్కృత 'వినియోగ', పారసీక 'దార్', తెలుగు 'డు' ప్రత్యయం. సంకరమన్నది దాని దోషం కాదు, అటువంటి పదాలు మన భాషలో కోకొల్లలు. దోషాలు రెండు. మొదటిది లింగం. పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థిని తన పేరుతో కంప్యూటరు తెరిస్తే, ఆమెను 'వినియోగదారుడు' అని పిలవడం భాషాదోషమే గాక మర్యాదాలోపం కూడా. రెండవది అర్థం. తెలుగులో 'వినియోగదారుడు' వస్తువు కొన్నవాడు. వినియోగదారుల ఫోరం, వినియోగదారుల హక్కులు అన్న వాడుకలు ఆ అర్థాన్ని స్థిరపరిచాయి. కొనని వస్తువుకు, పంచుకోవడానికి తయారైన వస్తువుకు, కొనుగోలుదారు ఎక్కడుంటాడు? 'వాడుకరి' ఈ రెండు దోషాలకూ దూరం. నేర్పు నుంచి నేర్పరి, చూపు నుంచి చూపరి వచ్చినట్టే 'వాడుక'కు 'అరి' ప్రత్యయం చేరి వాడుకరి అయింది. స్త్రీపురుష భేదం లేదు. తెలుగు వికీపీడియాలో ఇది ఏళ్ల తరబడి వాడుకలో ఉంది. లినక్స్ తెరలపై మాత్రం ఈ రెండు పదాలూ ఒకే వ్యవస్థలో పక్కపక్కనే కనిపిస్తుంటాయి. ఒకరు చేసిన అనువాదం మరొకరు చూడలేదనడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు.

పాత కె.డి.ఇ. తెలుగులో 'యెంచుకొనుము', 'వుపయోగించుము' వంటి రూపాలుండేవి. ఒకవైపు గ్రాంథికపు 'ము', మరొకవైపు పదాది యకార వకారాల ఉచ్చారణ రాత. గిడుగు రామమూర్తి పేరిట ఏటా ఆగస్టు 29న సభలు జరుపుకునే జాతి తెరమీద 'ఉంచుము, తీయుము' అంటోంది. ఇది గ్రాంథికమూ కాదు, వ్యావహారికమూ కాదు. ఏ తెలుగు ఉపాధ్యాయుడైనా ఒక పూటలో దిద్దగలిగిన పాఠం. ఏ తెలుగు ఉపాధ్యాయుడికీ అది చేరలేదు, లేదా మనమే దాని దగ్గరకు వెళ్లలేదు.

పెద్ద సంస్థల ఫోను తెరల్లో ఉన్నది మరొక దారి. అక్కడ 'సెట్టింగ్‌లు', 'డౌన్‌లోడ్‌లు' ఉంటాయి. ఆంగ్లపదాన్ని తీసుకోవడంలో తప్పులేదు. కాని తెలుగు అజంత భాష. నాలుక 'సెట్టింగులు' అంటుంది, 'లింకులు' అంటుంది. పొల్లు పెట్టి, దాని పక్కన కనిపించని విభాజకాన్ని ఉంచి, ఆపైన 'లు' తగిలించిన రూపం యంత్రం సౌకర్యానికి పుట్టినది. ఇక్కడ లినక్స్ అనువాదకుల 'అమరికలు' ఎంతో మేలైన మాట. తరగతిలో అడిగితే విద్యార్థులు 'సెట్టింగులు' అనే చెబుతారన్నది కూడా నిజం. వాడుకలో ఓడిన మాటను పట్టుకుని ఎంతకాలం వాదించాలన్నది నాకూ తేలని ప్రశ్న.

4. వాక్యం దగ్గర వచ్చిన చిక్కు:

పదాలను మార్చడం తేలిక. వాక్యాల సమస్య లోతైనది, ఎందుకంటే అది అనువాదకుడి చేతుల్లో పూర్తిగా లేదు.

తెరపై ఇద్దరు మాట్లాడుతుంటారు. వాడుకరి యంత్రాన్ని ఆదేశిస్తాడు: తెరువు, మూసివేయి, అతికించు. యంత్రం వాడుకరిని అడుగుతుంది: మీరు భద్రపరచాలనుకుంటున్నారా? మొదటిది 'నువ్వు' సంబోధన, రెండవది 'మీరు'. యంత్రాన్ని ఏకవచనంలోను, మనిషిని గౌరవవచనంలోను పిలవడం తెలుగు మర్యాదకు సరిపోయిన ఏర్పాటు. మూలభాషలో ఈ తేడా లేదు. ఇది అనువాదంలో మనం గెలుచుకున్నది. కాని ఒకే పెట్టెలో ఒక మీటపై 'ఎంచుకోండి' అనీ, పక్కమీటపై 'తొలగించు' అనీ ఉంటే ఎవరు ఎవరితో అంటున్నారో తెలియదు. అనువాదకులు ఈ సూత్రాన్ని ఒకసారి నిర్ణయించుకుంటే చాలు.

కర్మణి వాక్యం మరొకటి. 'దస్త్రం భద్రపరచబడింది', 'అమరికలు మార్చబడినవి'. తెలుగు నోట 'బడు' ఇంత తరచుగా రాదు. 'దస్త్రం భద్రమైంది', 'అమరికలు మారాయి' అంటే అక్షరాలూ తగ్గుతాయి, తెలుగూ మిగులుతుంది. 'మీరు ఖచ్చితంగా తొలగించాలనుకుంటున్నారా?' అన్న ప్రశ్నలో 'ఖచ్చితంగా' తొలగింపుకు చెందుతుందా, అనుకోవడానికి చెందుతుందా అన్న సందేహం కూడా ఉంది.

ఇక యంత్రనిర్మాణం తెచ్చే చిక్కులు. సందేశాల్లో దస్త్రం పేరు కోసం ఒక ఖాళీ విడిచిపెడతారు. సమయానికి యంత్రం అక్కడ పేరు పెడుతుంది. ఆంగ్లంలో ఆ పేరు మారదు. తెలుగులో విభక్తి చేరగానే ప్రాతిపదిక మారుతుంది. 'గ్రంథం' పేరున్న దస్త్రానికి 'ను' చేరితే 'గ్రంథాన్ని' కావాలి. యంత్రం 'గ్రంథంను' అంటుంది. 'ఇల్లు' పేరున్న సంచయంలో వెతికితే 'ఇంట్లో' అనదు, 'ఇల్లులో' అంటుంది. ఔపవిభక్తికాలు బాలవ్యాకరణం చదివినవారికి కొత్తవి కావు, ప్రోగ్రాము రాసినవారికి వాటి సంగతే తెలియదు. దీనికి తెలుగులోనే మందుంది. నేర్పుగల అనువాదకులు 'ఇల్లు అనే సంచయంలో' అని రాశారు. 'అనే' చేరగానే పేరు చెక్కుచెదరదు, విభక్తి తరువాతి పదానికి వెళుతుంది. ఈ చిన్న పరిష్కారం నాకు ఈ పాఠం మొత్తంలో అందమైన చోటుగా తోచింది.

సంఖ్యల దగ్గర ఆ పరిష్కారం కూడా చాలదు. అనువాదాలను నిర్వహించే 'గెట్‌టెక్స్ట్' అనే ఏర్పాటులో తెలుగుకు ఏకవచనం, బహువచనం అని రెండు రూపాలే. ఒక దస్త్రం, ఐదు దస్త్రాలు అన్నంతవరకు ఇబ్బంది లేదు. కాని తెలుగు మనుషులను వస్తువుల్లా లెక్కపెట్టదు. రెండు దస్త్రాలు, ఇద్దరు వాడుకరులు. మూడు చిత్రాలు, ముగ్గురు మిత్రులు. ఏడుగురు దాకా ఈ ప్రత్యేకరూపాలు నడిచి, ఎనిమిది నుంచి 'మంది' అందుకుంటుంది. యంత్రం '2 వాడుకరులు' అంటుంది. కొందరు అనువాదకులు '2 మంది వాడుకరులు' అని సర్దుకున్నారు. 'పన్నెండు మంది'కి అది చక్కగా కుదురుతుంది, 'ఇద్దరి'కి కుదరదు. ఇది అనువాదకుడి తప్పు కాదు. మహత్తును, అమహత్తును వేరుచేసే భాష ఒకటుందని ఆ ఏర్పాటు తయారైన నాడు ఎవరూ చెప్పకపోవడం వల్ల వచ్చిన లోపం. ఇటువంటిది చెప్పవలసినవారు వ్యాకరణం చదివినవారే.

5. పాత రాతలు, కొత్త యంత్రం:

వ్యవస్థ మార్చుకోదలచిన తెలుగువారిని వెనక్కి లాగేది తెరభాష కాదు, పాత దస్త్రాలు. విండోస్ ఎక్స్‌పీతో 'గౌతమి' ఖతి వచ్చి యూనికోడ్ తెలుగు సాధ్యమైన తరువాత కూడా మన అచ్చుపని ఏళ్ల తరబడి అను వంటి ఖతుల్లో, పేజ్‌మేకరులో సాగింది. ఈ ఖతుల్లో తెలుగు అక్షరం నిజానికి తెలుగు అక్షరం కాదు. రోమను అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తలకట్లు, కొమ్ములు, ఒత్తుల బొమ్మలు ఉంటాయి. కంటికి 'క' కనిపిస్తుంది, యంత్రానికి మరేదో తెలుసు. ఖతి లేని కంప్యూటరులో ఆ పాఠం అర్థంలేని రోమను గుర్తుల వరస. పదం వెతకలేం, అకారాది క్రమం చేయలేం.

ఈ వ్యాసకర్త సిద్ధాంతగ్రంథం అటువంటి ఖతిలోనే ఉంది. టైపు చేసిన కేంద్రం మూతపడింది. లినక్సులోని లిబ్రెఆఫీస్ పాత పేజ్‌మేకరు దస్త్రాలను తెరవగలదు. అది తెరిచింది కూడా, కాని తెరిచి చూపింది ఆ రోమను గుర్తులనే. మార్పిడి పరికరాలతో యూనికోడులోకి తెస్తే వట్రసుడులు, ద్విత్వాలు చెల్లాచెదురయ్యాయి. చివరకు అచ్చుప్రతిని స్కాను చేసి, 'టెసరాక్ట్' అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతో తెలుగు పాఠాన్ని రాబట్టి, పుటపుటా దిద్దుకోవడమే మేలనిపించింది. సొంత సిద్ధాంతగ్రంథాన్ని తాళపత్రంలా పరిష్కరించుకోవలసి రావడం ఈ తరం తెలుగు పరిశోధకుల ప్రత్యేకానుభవం. తిరుమల సంకీర్తన భాండాగారంలో అన్నమయ్య రేకులు శతాబ్దాలు మూలపడి ఉన్నాయి. వెలికివచ్చిననాడు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారు వాటిని చదవగలిగారంటే, ఆ లిపి ఏ ఒక్కరి సొత్తూ కాకపోవడం వల్లనే.

రాయడం విషయంలో భయం అక్కరలేదు. ఇన్‌స్క్రిప్టుతో పాటు, డి.టి.పి. పనివారి చేతికి అలవాటైన ఆపిల్ అమరిక కూడా లినక్సులో యూనికోడు తెలుగుకు దొరుకుతుంది. రోమనులో టైపుచేసే ఆర్.టి.ఎస్. పద్ధతీ ఉంది. దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఖతులు డెబియన్ భాండాగారంలోనే ఉన్నాయి. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన స్వేచ్ఛా ఖతుల్లో మన శ్రీకాళహస్తి కవి పేరిట 'ధూర్జటి' ఉంది. సంయుక్తాక్షరాలను కూర్చే 'హార్ఫ్‌బజ్' కూడా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క అక్షరం ఐఫోన్లలో సందేశాల అప్లికేషనును కూలదోసింది. ఆపిల్ సంస్థ కొద్దిరోజుల్లో సవరించింది, మనం పత్రికల్లో చదివి నవ్వుకున్నాం. అటువంటి చోట లోపం ఎక్కడుందో లోపలికి వెళ్లి చూసే అవకాశం ఆ ఫోను కొన్నవారికి లేదు.

6. ఎంపిక:

రెండు మూడు వ్యవస్థలను పెన్‌డ్రైవు నుంచి నడిపి చూసి, నాలుగు జి.బి. మెమరీ ఉన్న పాత యంత్రానికి లినక్స్ మింట్‌లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రూపాన్ని ఎంచుకున్నాను. విండోసును వెంటనే తీసివేయలేదు. పాత దస్త్రాల కోసం డిస్కులో ఒక భాగంలో అలాగే ఉంచాను. ఇది పిరికితనమని ఒక మిత్రుడన్నాడు, కావచ్చు. తెలుగు తెర సగమే తెలుగు. ఒక పట్టీలో ఐదు మాటలు తెలుగులో ఉంటే ఆరోది ఆంగ్లంలో ఉంటుంది, ఎందుకంటే ఆ వాక్యం కొత్తగా చేరింది, తెలుగు చేసినవారు లేరు. లిబ్రెఆఫీసులోని తెలుగు అక్షరదోష పరిశీలిని సంధి జరిగిన ప్రతి పదం కిందా ఎర్రగీత గీస్తుంది. ఎవరైనా సులువుగా ఉంటుందని ఆశించి ఈ దారికి వస్తే నిరాశపడతారు. నేను దీన్ని ఎంచుకున్నది సులువని కాదు, 'వినియోగదారుడు' అన్న మాట కనిపించిన చోట 'వాడుకరి' అని దిద్ది పంపే వీలు ఇక్కడే ఉందని.

ఆ వీలును పరీక్షించడానికి ఈ విద్యాసంవత్సరంలో ఎం.ఏ. అనువాద తరగతిలో నలభై తెరవాక్యాలను విద్యార్థులకిచ్చాను. పారిభాషిక పదాల దగ్గర వారు తడబడ్డారు, నిఘంటువులోని పెద్ద పెద్ద సంస్కృత పదాలు తెచ్చిపెట్టారు. హెచ్చరికల దగ్గర మాత్రం భాష మారిపోయింది. 'మీరు ఖచ్చితంగా తొలగించాలనుకుంటున్నారా?' అన్నచోట కుప్పం నుంచి వచ్చిన ఒక విద్యార్థిని 'నిజంగానే తీసేయాలా?' అని రాసింది. దాని కింద రెండు మీటలకు ఆమె పెట్టిన పేర్లు 'తీసేయి', 'వద్దులే'. మూలంలోని రెండవ మీటకు ఇప్పుడున్న అనువాదం 'రద్దుచేయి'. తొలగింపును రద్దుచేయాలా, దస్త్రాన్ని రద్దుచేయాలా అన్న తికమక అందులో ఉంది, 'వద్దులే'లో లేదు. తరగతిలో సగంమంది అది మరీ ఇంటి మాటలా ఉందన్నారు. 'లే' తీసేసి 'వద్దు' అని పంపుదామని కొందరు, ఉన్నదున్నట్టు పంపుదామని మరికొందరు. వచ్చే వారం తరగతిలో దానిమీద ఓటు పెట్టుకున్నాం.